గోల్‌కీపర్ ఎదురుగా ఖాళీ గీత

శుక్రవారం పొద్దున వంటింటి మెట్ల మీద కూర్చుని మొక్కజొన్న కంకులు ఒలుస్తుంటే కోచ్ మెర్రిక్ ఫోన్ చేశాడు. జూలై నెలలో ఆ మనిషి ఫోన్ చేశాడంటే మంచి కబురు కాదు.

"మిస్ రోవీనా, కొంప మునిగింది. టోబిన్ వెళ్ళిపోతున్నాడు."

"ఏ టోబిన్?" అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. వల కట్టిన కర్రలతో బంతి విసిరే లాక్రోస్ ఆటలో మా బ్రెన్నక్ కాలేజీ జట్టుకి టోబిన్ ఒక్కడే, గోల్ ముందు నిలబడేవాడూ వాడొక్కడే.

"టోబిన్ పాషెకే. ఒహాయోలో పెద్ద కాలేజీ వాళ్ళు పిలిచారట. ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా ఒప్పుకుంటున్నానని సంతకం చేసి పంపాలట. నిన్నట్నుంచీ ఫోన్ చేస్తున్నా, ఎత్తడు. చివరికి ఒక్క ముక్క రాసి పంపాడు."

"ఏమని?"

"'మిస్ రోవీనా రాసింది చదివాను, అర్థమైంది' అని."

నా చేతిలో కంకి జారి మెట్ల మీద దొర్లింది.

ఇక్కడ నా నిర్వాకం కొంత చెప్పాలి. ఏటా జూలై మొదట్లో మా ఊరి పత్రికలో నేనొక పేజీ రాస్తాను. వచ్చే సీజన్లో మైదానంలోకి దిగబోయే పదిమంది ఎవరెవరని. ఇది ఇరవై ఏడో ఏడు. గోల్ కొట్టేవాళ్ళు ముగ్గురు, నడిమి మైదానంలో పరుగు తీసేవాళ్ళు ముగ్గురు, పొడుగు కర్రలతో అడ్డుకునేవాళ్ళు ముగ్గురు. ఒక్కొక్కడి గురించీ నాలుగేసి వాక్యాలు రాస్తాను. ఎవడి మోకాలు నయమైందో, ఎవడు ఎండాకాలమంతా గోడకేసి బంతి కొడుతున్నాడో, ఎవడు ప్రియురాలి వెంట తిరిగి ఒళ్ళు పెంచాడో అన్నీ అందులో ఉంటాయి. కోచ్ సెప్టెంబరులో తేల్చుకునేది నేను జూలైలోనే చెప్పేస్తానని ఊళ్ళో పేరు.

అన్నిటికన్నా కింద 'గోల్‌కీపర్' అని వేసి, ఎదురుగా ఒక గీత గీసి వదిలేస్తాను. పేరు రాయను, వాక్యం రాయను. ఆ గీతకు అర్థమేమిటో క్షవరం షాపు నుంచి చర్చి దాకా మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ చోటు గురించి అనుమానమే లేదు, ముంజేతి కంకణానికి అద్దమెందుకు, అని. మా ఊళ్ళో పుట్టి గోల్‌కీపర్ అయిన కుర్రాళ్ళు ఆ ఖాళీ గీతను చట్రం కట్టించి గోడకు తగిలించుకున్నారు. అది నా భర్త గార్లండ్ పెట్టిన ఆచారమని అందరూ అంటారు. నేనూ అలాగే చెబుతూ వచ్చాను.

టోబిన్ మాత్రం మా ఊరివాడు కాదు. పోయిన జనవరిలో వేరే కాలేజీ వదిలి వచ్చాడు. బయటి ఊరి ఆటగాళ్ళకు ఆదివారం భోజనం ఒక్కో ఇంట్లో పెట్టడం మాకు అలవాటు, వాడు నా వంతుకు వచ్చాడు. ఆరు నెలలు నా బల్ల దగ్గర కూర్చుని ఉప్పునీళ్ళలో ఉడికించిన దుంపలు వెన్నలో ముంచుకుని గిన్నెలకు గిన్నెలు ఖాళీ చేశాడు. మాట్లాడేది తక్కువ. మే నెలలో ఆఖరి ఆట అదనపు సమయానికి పోయి, బంతి వాడి కాళ్ళ మధ్య నుంచి దూరిపోయి ఓడిపోయాం. అందరూ వెళ్ళిపోయాక కూడా వాడు గోల్‌లోనే కూలబడి ఉన్నాడు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "లేవరా, దుంపలు చల్లారిపోతున్నాయి," అన్నాను. లేచాడు.

ఆ పిల్లవాడికి ఆ గీత సంగతి నేను చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. పైగా పత్రిక రాగానే నా చేత్తో నేనే కవరులో పెట్టి, 'మీ మామయ్యకు చూపించు' అని రాసి మరీ పంపాను. నా బుద్ధి గడ్డి తిందనుకోండి, ఇంకేం చెప్పను!

"నేను మేరీలాండ్‌లో ఉన్నాను మిస్ రోవీనా, ఇక్కడ పిల్లల శిబిరం," అంటున్నాడు కోచ్. "రెండో గోల్‌కీపర్‌కి భుజం ఎముక విరిగింది. టోబిన్ పోతే గోల్‌లో చెత్తబుట్ట పెట్టుకోవాలి. మీ మాటైతే వింటాడు."

"ఇంకా ఈరీలోనే ఉన్నాడా?"

"అక్కడే. మామయ్య టైర్ల షాపులో పనిచేస్తున్నాడు."

ఈరీ మా ఊరికి నాలుగు గంటల దారి. గార్లండ్ పోయిన ఆరేళ్ళలో నేను కిరాణా కొట్టు దాటి బండి నడిపింది లేదు. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

అటక ఎక్కి పాత కాగితాల అట్టపెట్టె దించాను. ఏటేటా రాసినవన్నీ అందులో దాచాను, ఒక్క మొదటి ఏడాదిది తప్ప. అది ఎక్కడుందో నాకు తెలుసు. వంటల చీటీలు పెట్టుకునే రేకు డబ్బాలో అడుగున ఉంది. దాన్ని ఎందుకు తీశానో, ఎందుకు చేతిసంచిలో వేసుకున్నానో ఆ నిమిషంలో అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

దారి గురించి ఏం చెప్పమంటారు? పెద్ద లారీలు పక్కనుంచి పోతుంటే మా పాత బండి ఊగిపోయింది. బఫెలో పట్నం దగ్గర తప్పు దారిలో దిగి గంటన్నర పోగొట్టుకున్నాను. ఒకచోట ఇంజన్ వేడెక్కి పొగలు వస్తే రోడ్డు పక్కన ఆపి స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాను. ఏడిస్తే ఇంజన్ చల్లారదు కదా. దారిన పోయే ఒకాయన ఆగి నీళ్ళు పోసి, "ఈ బండిలో ఇంత దూరమా పెద్దమ్మా, మతి ఉందా?" అన్నాడు. "మతి ఉంటే ఇక్కడెందుకుంటాను?" అన్నాను.

షాపు ముందు ఆగేసరికి మూడుముప్పావు దాటి నాలుగవుతోంది. మామయ్య బెర్నార్డ్ లావుపాటి మనిషి. గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు.

"ఓహో, ఆ పేజీ రాసే ఆవిడ మీరేనా? రండి రండి. మీ చేతిపని గోడ మీదే ఉంది, చూసుకోండి."

చూశాను. డబ్బులు కట్టే బల్ల వెనక నేను పంపిన కాగితం నాలుగు మూలలా మేకులు కొట్టి ఉంది. గోల్‌కీపర్ ఎదురుగా ఉన్న గీత మీద ఎవరో నల్ల సిరాతో లావుగా 'చిల్లు' అని రాశారు.

"వాడి పేరు అచ్చులో వస్తుందని వారం ముందు నుంచీ కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నానమ్మా," అన్నాడు బెర్నార్డ్. "కవరు అందరి ముందూ చింపాను. తొమ్మిది పేర్లు చదివాను. పదోది లేదు. టైర్లు మార్చుకోవడానికి వచ్చినవాడల్లా 'ఏమోయ్, మీవాడు ఎక్కడ?' అని నవ్వడమే. ఆ ముక్క ఎవడు రాశాడో తెలిస్తే వాడి నాలుగు చక్రాలూ ఊడబీకుదును."

"మరి చింపి పారెయ్యకపోయారా?"

"చింపబోయాను. వాడే వద్దన్నాడు. 'ఉండనీ మామా, నిజమే కదా' అన్నాడు."

వెనకనుంచి టోబిన్ వచ్చాడు. మోచేతుల దాకా నలుపు. నన్ను చూసి ఆగిపోయాడు. కోప్పడతాడనుకున్నాను, అదీ లేదు. ఆదివారం నా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పనా అన్నట్టే నిలబడ్డాడు.

"మిస్ రోవీనా, ఇంత దూరం మీరెందుకొచ్చారు?"

"నీకోసం కాక టైర్లకోసం వచ్చానా? ఆ గీత ఏమిటో నీకు తెలీదురా. అది నీకు మర్యాద. నీ చోటుకి తిరుగులేదని అర్థం."

"అవునా," అన్నాడు. నమ్మలేదని ఆ మాటలోనే తెలిసింది.

బండిలోంచి పెట్టె తెచ్చి టైర్ల మీద కాగితాలన్నీ పరిచాను. "చూడు. ఇది పదేళ్ళ కిందటిది, గీత. ఇది పన్నెండేళ్ళది, గీత. ఈ ఏడు మనం లీగ్ గెలిచాం, ఇక్కడా గీతే. ఒక్కదాంట్లో పేరుంటే నా చెవి కోయించుకుంటా."

వాడు ఒక్కొక్కటీ వంగి చూశాడు. నల్ల వేళ్ళు అంటకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బెర్నార్డ్ కూడా కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "అరె, నిజమేరా," అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు టోబిన్.

"తెలుసనుకున్నాను."

"ఎలా తెలుస్తుంది? నేను మీ ఊళ్ళో పుట్టానా?" గొంతు మొదటిసారి పెరిగింది. "ఆ ఆఖరి బంతి తర్వాత నాకు రోజూ అదే కల. కాళ్ళు దగ్గరికి రావు. అయినా మీరొక్కరు వచ్చి పక్కన కూర్చున్నారు కదా, మీరొక్కరైనా నన్ను నమ్ముతున్నారు కదా అనుకున్నా. కవరు మీద మీ చేతిరాత చూసి ఎంత సంబరపడ్డానో మీకేం తెలుసు? తొమ్మిది మందికి నాలుగేసి వాక్యాలు. ఆ ఫెంటన్ గాడి మోకాలి గురించి ఏడు రాశారు! నాకు ఒక గీత."

పరిచిన కాగితాలు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ పెట్టెలో పెట్టాను.

"ఒహాయో వాళ్ళు నా పేరు రాసి చొక్కా కూడా కుట్టించారట," అన్నాడు.

"వెళ్ళకురా."

"అయితే రాయండి."

"ఏమిటి?"

"నా పేరు. ఆ గీత మీద, ఇప్పుడు, నా ముందే. రాస్తే ఉండిపోతా. పేపర్లో కూడా వెయ్యక్కర్లేదు, నేను చూస్తే చాలు."

"హమ్మయ్య, అంతేనా!" అంటూ బెర్నార్డ్ జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. "రాసెయ్యండమ్మా, గొడవ వదిలిపోతుంది."

నాలుగూ ముప్పై ఐదు. పెట్టెలోంచి ఈ ఏటి కాగితం ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టుకున్నాను. పెన్ను ఆనించాను. మొదటి అక్షరం పడింది. ఆ తర్వాత చెయ్యి కదలలేదు. ఒట్టు పెట్టి చెబుతున్నాను, కదలలేదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని తోశాను. పెన్ను కాగితాన్ని చీల్చుకుంటూ పక్కకు పోయింది.

"మీరు రాయలేరు," అన్నాడు టోబిన్ మెల్లిగా. "ఎందుకంటే అది నిజం కాదు కనక."

"కాదురా కాదు!" అని అరిచాను. నా అరుపుకి బయట నిలబడ్డ మనిషి కూడా తొంగి చూశాడు. "నా వల్ల కాదు. నేను రాస్తే... నేను ఒకసారి రాశాను."

చేతిసంచిలోంచి మొదటి ఏటి కాగితం తీసి వాడికిచ్చాను. మడతల దగ్గర చిరిగి ఉంది. కింద అచ్చులో స్పష్టంగా ఉంది: గోల్‌కీపర్, నీల్ హాస్కిన్స్.

నా నోటితో ఎవరికీ చెప్పని సంగతి ఆ టైర్ల కొట్లో చెప్పాను. అప్పటికి కోచ్ ఇంకా తేల్చుకోలేదు. 'గోల్‌కీపర్ పేరు మాత్రం రాయకే, ఆగు' అని గార్లండ్ చెప్పాడు. నేను వినలేదు. అందరికన్నా ముందు నాకే తెలుసని చూపించుకోవాలని ఉబలాటం. పత్రిక వచ్చిన సాయంత్రం జట్టు కుర్రాళ్ళు నీల్‌ని భుజాలకెత్తుకుని సరస్సు దగ్గరికి తీసుకుపోయారు. ఎవరికి మంచి జరిగినా నీళ్ళలోకి విసరడం వాళ్ళ సరదా. ఆ ఏడు వానలు లేవు, నీళ్ళు దిగిపోయాయి. ఒడ్డున రాయి ఉందని ఎవడూ చూడలేదు.

"ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు వాడికి," అన్నాను. "మర్నాడు గార్లండ్ ఊళ్ళోవాళ్ళ ముందు నిలబడి, ఆ పేరు తనే రాయించానని చెప్పాడు. నేను నోరు తెరవలేదు. పోయేదాకా ఆ మాట తనే మోశాడు. నేను మోయనిచ్చాను. అప్పట్నుంచీ గీతే. మర్యాద గిర్యాద అన్నీ ఊళ్ళోవాళ్ళు కట్టుకున్న కథలు. నాకు భయంరా, అంతే. నీ పేరు రాయాలంటే నాకు చచ్చేంత భయం."

బెర్నార్డ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గడియారం పది తక్కువ ఐదు చూపిస్తోంది.

"వెళ్ళాలనుంటే వెళ్ళు," అన్నాను. "అక్కడ నీ పేరు కుట్టిన చొక్కా ఇస్తారు, మంచిదే. కానీ నీ మీద నమ్మకం లేక గీత గీశాననుకుని మాత్రం వెళ్ళకు. అది నేను భరించలేను."

టోబిన్ ఆ పాత కాగితం వైపే చూస్తున్నాడు. "హాస్కిన్స్ అంటే... గోల్ వెనక మడత కుర్చీ వేసుకుని కూర్చునే ముసలావిడ? మొదటి సగం అయ్యాక వల సందులోంచి పిప్పరమెంటు బిళ్ళ ఇస్తుంది, ఆవిడ?"

"ఆగ్నెస్. వాళ్ళమ్మే."

"మీరు రాశారని ఆవిడకి తెలుసా?"

"తెలీదు."

వాడు గోడ దగ్గరికి వెళ్ళి 'చిల్లు' అని రాసి ఉన్న కాగితాన్ని మేకుల నుంచి ఊడదీశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఐదింటికి మూడు నిమిషాలుంది.

"నా పేరు రాయొద్దు లెండి," అన్నాడు. "ఆవిడకి చెప్పండి. చెప్తానంటే నేనుంటా."

అంతకన్నా చావమన్నా బాగుండేది. నాలుగు గంటలు పొగలు కక్కే బండిలో వచ్చి ఇలాంటి మాట ఇచ్చి వెళ్ళాల్సి వస్తుందనుకోలేదు. ఆగ్నెస్ ముఖం కళ్ళ ముందుకొచ్చింది. ఆదివారం చర్చిలో ఆవిడ నా ముందు వరసలో కూర్చుంటుంది. ఇన్నేళ్ళలో ఆవిడ మెడ వెనక జుట్టు తెల్లబడటం నేను చూశాను.

"టోబిన్, పెద్దావిడరా, పోనీలే..." అన్నాడు బెర్నార్డ్.

"చెప్తాను," అన్నాను.

వాడు చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఫోన్ తీశాడు. రానని ఒహాయో వాళ్ళకు రాసి, పంపినట్టు నాకు చూపించాడు. ఒక నిమిషం మిగిలింది.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. నిద్ర పట్టిందని అబద్ధం చెప్పను. తెల్లవారి టోబినే బండి నడిపాడు. దారిలో ఒకచోట, "బ్రేకులు మార్పించాలి మిస్ రోవీనా, ఇవి అసలు లేవు," అన్నాడు.

శనివారం పదకొండింటికి ఆగ్నెస్ ఇంటి అరుగు ఎక్కాం. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. టోబిన్ని చూసి ముఖం విప్పారింది, నన్ను చూసి మళ్ళీ మామూలైంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఆగ్నెస్, ఆ ఏడు నీల్ పేరు రాసింది గార్లండ్ కాదు. నేను. ఆయన వద్దన్నాడు. నేనే రాశాను."

ఆవిడ చేతిలో ఉన్న కాయ తుంచి గిన్నెలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

"తెలుసు," అంది. "నీ మొగుడు పోయే ముందు వారం వచ్చి చెప్పాడు. ఈ అరుగు మీదే కూర్చున్నాడు, ఊపిరి అందక. 'రోవీనా తనంతట తనే వస్తుంది, రానివ్వు' అన్నాడు. సరే అన్నాను. ఆరేళ్ళు పట్టింది నీకు. నా వెనక వరసలో కూర్చుంటావు, ఈ అరుగు ఎక్కడానికి ఆరేళ్ళు!"

అరుగు మీద చతికిలబడ్డాను. "తిట్టు ఆగ్నెస్. ఎంతైనా తిట్టు."

"తిడతాను, ఉండు. తొందరేం?" కాయల గిన్నె పక్కన పెట్టింది. "ఆ సాయంత్రం వాడు ఏం చేశాడో తెలుసా నీకు? పేపరు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. కుక్కకి కూడా చదివి వినిపించాడు. 'అమ్మా, నా పేరు, నా పేరు' అని. వాడంత సంబరంగా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదు. వాణ్ణి తీసుకుపోయింది ఆ రాయే రోవీనా, నువ్వు కాదు. నువ్విచ్చింది వాడి ఆఖరి ముచ్చట. నేను తిట్టేది దానికి కాదు. ఆ తర్వాత గోల్‌లో నిలబడ్డ ఒక్క కుర్రాడికీ ఆ ముచ్చట దక్కనివ్వలేదు చూడు, దానికి. ఒక్కొక్కడూ నా ముందే నిలబడ్డాడు. ఒంటినిండా కమిలిన దెబ్బలు. వాళ్ళకి గీతలా! నీ భయానికి ఊరంతా మర్యాద అని పేరు పెడితే నోరు మూసుకుని విన్నావు. సిగ్గు లేదూ?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. టోబిన్ మెట్ల మీద నిలబడి తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"నీ దగ్గర ఈ ఏటిది ఉందా?" అని వాణ్ణడిగింది.

వాడు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. 'చిల్లు' అన్న ముక్క చూసి ఆవిడ పళ్ళు కొరికింది. లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చింది. "రాయి," అంది నాతో.

"నా చెయ్యి..."

"నీ చేతికేం, నిక్షేపంలా ఉంది. రాయి."

ఆవిడ నా పక్కనే కూర్చుంది. పెన్ను పట్టుకున్న నా చేతి మీద తన చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది, చిక్కుడుకాయల పసరు వాసన. 'చిల్లు' కొట్టేసి దాని పైన రాశాను. గోల్‌కీపర్, టోబిన్ పాషెక్. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. టోబిన్ దాన్ని అందుకుని చాలాసేపు చదివాడు. తర్వాత మా ఇద్దరికీ కనబడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

"మిగతావి ఏవి?" అంది ఆగ్నెస్.

"బండిలో. పెట్టెలో."

"తీసుకురమ్మను."

మధ్యాహ్నం దాకా ఆ అరుగు మీదే కూర్చుని ఏటేటి గీత మీదా పేర్లు రాశాం. కొన్ని నేను మరిచిపోయాను. ఆవిడ ఒక్కటి కూడా మరిచిపోలేదు.